కింద కొట్లు, పైన కాపురాలు: ఎడ్వర్డియన్ భవనానికి వారసత్వ విలువ పత్రం రాయడం ఎలా

వాంకూవర్‌లో మెయిన్ స్ట్రీట్ మీదో, కమర్షియల్ డ్రైవ్ మీదో, ఈస్ట్ హేస్టింగ్స్ మీదో నడుస్తుంటే మూడు నాలుగు అంతస్తుల పాత ఇటుక భవనాలు కనిపిస్తాయి. కింద వరసగా కొట్లు, పైన ఇళ్లు. రెండు కొట్ల మధ్య సన్నటి తలుపు ఉంటుంది. తీస్తే మెట్లు నిటారుగా పైకి పోతాయి. ఇలాంటి భవనాల చరిత్ర వెతికి, వాటి వారసత్వ విలువ ఏమిటో రాసిపెట్టడం నా ఉద్యోగం. కెనడాలో ఆ కాగితాన్ని స్టేట్‌మెంట్ ఆఫ్ సిగ్నిఫికెన్స్ అంటారు. ఇక్కడ విలువ పత్రం అని రాస్తాను.

ఈమధ్య మనవాళ్లు కూడా ఈ భవనాల్లో ఫ్లాట్లు కొంటున్నారు, కింద కొట్టు లీజుకు తీసుకుని టిఫిన్ సెంటర్లు పెడుతున్నారు, స్ట్రాటా కౌన్సిల్లో, అంటే ఫ్లాట్ల యజమానుల కమిటీలో, కూర్చుంటున్నారు. అప్పుడు నాకు ఫోన్ వస్తుంది. "అక్కా, సిటీవాళ్లు హెరిటేజ్ రిపోర్టు అడుగుతున్నారు. ఈ పాత కొంపలో హెరిటేజ్ ఏముంది? చర్చీ కాదు, కోర్టూ కాదు." న్యాయమైన ప్రశ్నే. మంచి పత్రం చదివితే ఆ ప్రశ్నకు జవాబు దొరకాలి. మామూలు మనుషులు బతికిన మామూలు భవనానికి విలువ రాయడం చర్చికి రాయడం కన్నా కష్టం. నాకు ఇష్టమైన పని కూడా అదే.

మొదలుపెట్టే ముందే మనసులో ఖాయం చేసుకోవాల్సింది ఒకటుంది. విలువ అంటే మార్కెట్ ధర కాదు, అందం కూడా కాదు. కెనడా ప్రమాణాల పుస్తకం (మొదట 2003లో వచ్చింది, రెండో కూర్పు 2010లో) ప్రకారం సౌందర్య, చారిత్రక, శాస్త్రీయ, సాంస్కృతిక, సామాజిక, ఆధ్యాత్మిక ప్రాముఖ్యాల్లో ఏదైనా విలువ కావచ్చు. అయితే ఆ మాటలు పట్టుకుని ఆరు పేరాలు నింపేస్తే పత్రం తయారైనట్టు కాదు. నేను ప్రతి వాక్యాన్నీ ఒకటే అడుగుతాను: నువ్వు చెప్పేది ఈ భవనంలో ఎక్కడ కనిపిస్తోంది? చేత్తో ముట్టుకుని చూపించగల చోటు ఉంటే ఆ వాక్యం ఉంటుంది. లేకపోతే తీసేస్తాను.

ముందు కాలం తెలియాలి

బ్రిటిష్ రాజు ఏడవ ఎడ్వర్డ్ రాజ్యం 1901 నుంచి 1910 దాకా. కానీ వాంకూవర్‌లో ఎడ్వర్డియన్ అంటే దాదాపు మొదటి ప్రపంచ యుద్ధం దాకా లెక్క. ఈ ఊరు 1886లో పుట్టింది, అదే ఏడు జూన్‌లో తగలబడింది, మర్నాటి నుంచే మళ్లీ కట్టుకోవడం మొదలెట్టింది. 1887లో రైలు వచ్చింది. 1901లో జనాభా ముప్ఫై వేల లోపు. పదేళ్లు తిరిగేసరికి లక్ష దాటింది. అంతమందికి ఇళ్లు కావాలి, సరుకులు కావాలి, పనికి పోయిరావడానికి ట్రామ్ కావాలి. ట్రామ్ ఆగిన ప్రతి మూలా కొట్టుకు మంచి జాగా అయింది. కొట్టు మీద ఇంకో రెండంతస్తులు వేస్తే అద్దె వస్తుంది. ఈ భవనాలు అలా పుట్టాయి. 1913కల్లా భూముల బుడగ పేలింది, మరుసటి ఏడు యుద్ధం వచ్చింది, కట్టడాలు ఆగిపోయాయి. అందుకే ఊళ్లో ఈ రకం భవనం చూస్తే 1908కీ 1913కీ మధ్య కట్టినదై ఉంటుందని ముందుగా అనుకోవచ్చు. తర్వాత కాగితాలతో సరిచూసుకోవాలి.

కొట్టు మీద ఇల్లు కట్టుకోవడం మనకేం కొత్త కాదు, రాజమండ్రి మెయిన్ రోడ్డు నిండా అవే. తేడా ఏమిటంటే మన దగ్గర కొట్టు యజమానే పైన ఉంటాడు. ఇక్కడ పైన ఉన్నది ఎక్కువగా అద్దెకున్నవాళ్లు: రంపపు మిల్లు కూలీలు, ట్రామ్ కండక్టర్లు, టైపిస్టులు, కొత్తగా పెళ్లయిన జంటలు. ఈ సంగతి మీ పత్రంలో రావాలి. వీధికి అందమైన ముఖం పెట్టిన భవనంలో పైన గదులు ఎంత చిన్నవో, బాత్రూం వరండా చివర ఎంతమందికి ఒకటో కూడా చెప్పకపోతే సగం చరిత్రే చెప్పినట్టు.

చూడటం వెనక సందు నుంచి మొదలుపెట్టండి

మా నాన్న తాపీ మేస్త్రి. గోడ కట్టినవాడి పనితనం దొడ్డి వైపు చూడాలనేవారు. ఇక్కడ నేను మొదటి గంట భవనం వెనక సందులోనే గడుపుతాను.

ముందువైపు ఇటుక నున్నగా, ఒకే రంగులో, సన్నటి అతుకులతో ఉంటుంది. అది ఖరీదైన ముఖపు ఇటుక. వెనక, పక్కన ఉన్నది మామూలు ఇటుక, రంగు తేడాలతో, గరుకుగా, లావు అతుకులతో. ఈ రెండూ కలిసే మూల దగ్గర నిలబడండి. మంచి ఇటుక పక్క గోడ మీదికి ఎంతదూరం తిరిగిందో చూడండి. కొన్ని చోట్ల ఒకటిన్నర అడుగు తిరిగి ఆగిపోతుంది. అంటే పక్క స్థలంలో ఇంకో భవనం వచ్చి ఆ గోడను కప్పేస్తుందని యజమాని అనుకున్నాడు. పక్క స్థలం ఇంకా ఖాళీగానో, ఒకటే అంతస్తుతోనో ఉందంటే, 1913లో ఆగిపోయిన ఊరు ఆ గోడ మీద మీకు కనిపిస్తున్నట్టే. పక్క గోడ మీద పాత సబ్బు ప్రకటనో, పిండి ప్రకటనో వెలిసిపోయి మిగిలి ఉంటే దాన్నీ రాసుకోండి. అది తర్వాతి పొర, దాని విలువ దానికుంది.

వరసలు లెక్కపెట్టండి. మామూలు ఇటుక గోడలో ఇటుక పొడవుగా పెట్టిన వరసలు ఐదారు పోయాక ఒక వరస అడ్డంగా, చివరలు మాత్రమే కనిపించేలా వస్తుంది. గోడ లోపలి పొరనీ బయటి పొరనీ పట్టి ఉంచేది ఆ వరసే. ముందువైపు అది కనిపించదు. ముఖపు ఇటుకను వెనక గోడకు వేరే పద్ధతిలో కట్టారన్నమాట. భూకంపం లెక్కలు వేసే ఇంజనీరుకు ఈ సంగతి మీకన్నా ఎక్కువ అవసరం, ఫోటో తీసి ఇవ్వండి.

తర్వాత అతుకులు. గోరుతో గీకితే పొడి రాలేది సున్నం ఎక్కువున్న పాత గార. గోరు జారిపోయేంత గట్టిగా, బూడిదరంగులో ఉంటే తర్వాతెప్పుడో ఎవరో సిమెంట్ పాయింటింగ్ చేశారు. సున్నపు గార ఇటుక కన్నా మెత్తన. గోడలోకి చేరిన తడి అతుకుల్లోంచి బయటికి పోతుంది. సిమెంట్ ఆ దారి మూసేస్తుంది. తడి ఇటుకలోంచే బయటికి రావాలి, చలికి అక్కడే గడ్డకడుతుంది, ఇటుక ముఖం పెచ్చులుగా ఊడిపోతుంది. నెలల తరబడి వాన పడే ఈ ఊళ్లో ఇది చిన్న విషయం కాదు. అసలు గార మిగిలిన చోటు ఒక్కటైనా దొరికితే ఫోటో తీసి, ఎక్కడుందో రాసిపెట్టండి. రేపు మరమ్మతు చేసే మేస్త్రికి అదే నమూనా.

వీధి వైపు: కింది నుంచి పైకి

ఇప్పుడు ముందుకు రండి. రోడ్డు అవతల నిలబడి మొత్తం ఒకసారి చూసి, తర్వాత దగ్గరికి వెళ్లండి.

కొట్టు ముఖం ఎక్కువగా మారిపోయి ఉంటుంది. 1950లు, 60లలో అల్యూమినియం ఫ్రేములు వచ్చాయి. అయినా గడప చూడండి. తలుపు రెండడుగులు లోపలికి వెళ్లి, ముందు చిన్న పెంకుల మొజాయిక్ నేల ఉంటే అది అసలుదే కావచ్చు. కొన్నింటిలో మొదటి కొట్టు పేరు కూడా ఆ పెంకులతోనే రాసి ఉంటుంది. సైన్‌బోర్డు వెనక, ఫాల్స్ సీలింగ్ పైన టార్చ్ వేసి చూడండి. ట్రాన్సమ్ అద్దాలు, అంటే తలుపు మీద వరసగా ఉండే చిన్న అద్దాలు, చాలాసార్లు అక్కడే చెక్కుచెదరకుండా ఉంటాయి. వాటిలో గాట్లు గాట్లుగా ఉన్న ప్రిజమ్ గాజు దొరికిందంటే సంబరపడండి. కరెంటు దీపం ఖరీదైన రోజుల్లో ఆ గాజు పగటి వెలుతురును వంచి కొట్టు చివరిదాకా పంపేది.

ఫుట్‌పాత్ కూడా భవనంలో భాగమే. కొన్నింటి ముందు ఇనుప చట్రంలో చిన్న చిన్న గాజు బిళ్లలు, ఊదారంగువి, కాలికింద కనిపిస్తాయి. కింద సెల్లార్ ఫుట్‌పాత్ దాకా విస్తరించి ఉందని గుర్తు. ఆ బిళ్లలు పుట్టుకతో ఊదా కాదు. గాజులో సహజంగా ఉండే పచ్చదనం పోవడానికి అప్పట్లో మాంగనీస్ కలిపేవారు. ఏళ్ల తరబడి ఎండ తగిలి ఆ మాంగనీస్ ఊదారంగుకు తిరిగింది. కాబట్టి రంగే వయసు చెబుతోంది. ఎవరైనా "పగిలిపోయాయి, కొత్త గాజు వేద్దాం" అంటే, పగలనివాటిని ఒక వరసగా కూర్చి కాపాడమని పత్రంలోనే రాయండి.

పైన బే విండోలు, అంటే గోడలోంచి వీధి మీదికి పొడుచుకొచ్చిన కిటికీలు. రాతితో చేసినట్టు కనిపిస్తాయి, పైన కార్నిస్, అంటే గోడ పై అంచున ముందుకు పొడుచుకొచ్చిన అలంకారపు పట్టీ, కూడా అంతే. జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకెళ్లండి. నిచ్చెనేసి అంటిస్తే పట్టుకుంటుంది. జింకు పూత వేసిన ఇనప రేకును అచ్చులో నొక్కి, రంగేసి, రాయిలా నమ్మించారు. దీన్ని మోసమని తీసిపారేయకండి. రేకు తేలిక, చవక, కేటలాగ్ చూసి ఆర్డరిస్తే వచ్చేది. కూలీల అద్దె ఇంటికి కూడా నాలుగు రోడ్ల కూడలిలో హుందాతనం తెచ్చిపెట్టింది. నా దృష్టిలో ఈ భవనాల గురించి చెప్పాల్సిన ముఖ్యమైన సంగతుల్లో ఇదొకటి.

కిటికీలు పైకీ కిందికీ జరిగే రకమా చూడండి. చట్రం పక్కన వేలితో కొడితే బోలుగా మోగుతుంది. లోపల ఇనుప బరువులు తాడుకు వేలాడుతుంటాయి, అవే రెక్కను బ్యాలెన్స్ చేసేవి. ఓ భవనంలో నలభై ఏళ్లుగా అద్దెకున్న ఒక పెద్దాయన నాకు చూపించారు: ఒక్క వేలితో రెక్కను పైకి నెడితే ఆగమన్న చోట ఆగింది. ఆ ఏడే ఆయన స్వయంగా తాడు మార్చుకున్నారట. అలాంటి కిటికీని తీసి ప్లాస్టిక్‌ది పెడితే ముప్ఫై ఏళ్లలో మళ్లీ మార్చాలి. ఇది డగ్లస్ ఫర్ కర్ర, పాత అడవిది, వార్షిక వలయాలు దగ్గరదగ్గరగా ఉన్నది. ఇప్పుడు ఏ దుకాణంలోనూ ఆ నాణ్యత దొరకదు. చలికి లోపలివైపు అదనపు అద్దం బిగించుకుంటే సరిపోతుంది.

లోపలికి వెళ్లగలిగితే మెట్ల పైన స్కైలైట్, భవనం మధ్యలో గాలీ వెలుతురూ కోసం వదిలిన సందు, వరండా వెడల్పు, గది తలుపుల మీది అద్దాలు, రేడియేటర్లు, గోడలోకి మడిచే మంచాలు చూడండి. బయటి ముఖం మాత్రమే చూసి రాసిన పత్రాలు చాలా చదివాను. కొట్టు భవనం కథ చెబుతాయి గానీ ఇంటి కథ చెప్పవు.

కాగితాలు

మొదట వీధి పేరు సరిచూసుకోండి. మెయిన్ స్ట్రీట్ 1910కి ముందు వెస్ట్‌మినిస్టర్ అవెన్యూ. బ్రాడ్‌వే ఒకప్పుడు నైన్త్ అవెన్యూ. ఇది తెలియక "ఈ అడ్రసులో ఏమీ లేదు" అని వదిలేసేవాళ్లుంటారు.

బిల్డింగ్ పర్మిట్ దొరికితే యజమాని, ఆర్కిటెక్ట్, కట్టినవాడు, అంచనా ఖర్చు నాలుగూ ఒక్క వరసలో వస్తాయి. హెరిటేజ్ వాంకూవర్ సొసైటీ వాలంటీర్లు పాత రిజిస్టర్లను కూర్చుని కంప్యూటర్లోకి ఎక్కించారు, వాళ్లకు దండం పెట్టాలి. అన్ని సంవత్సరాలవీ లేవు. లేని ఏడాదైతే నగర ఆర్కైవ్స్‌లో నీటి కనెక్షన్ దరఖాస్తులు చూడండి. కొళాయి ఎప్పుడు అడిగారో తెలిస్తే గోడలు ఎప్పుడు లేచాయో తెలుస్తుంది. ఆర్కైవ్స్ వానియర్ పార్కులో ఉంది. 1912 నాటి గోడ్ (Goad) కంపెనీ బీమా పటం తప్పకుండా చూడండి. అగ్నిప్రమాద బీమా కోసం గీసింది కాబట్టి గులాబీ రంగుంటే ఇటుక, పసుపుంటే కర్ర. మీ భవనం చుట్టూ అంతా పసుపే ఉండి మీది ఒక్కటే గులాబీ అయితే, ఆ రోజుల్లో ఆ మూల మీద అదెలా కనిపించి ఉంటుందో ఊహించుకోవచ్చు.

అసలైన నిధి డైరెక్టరీలు. వాంకూవర్ పబ్లిక్ లైబ్రరీ 1860 నుంచి 1955 దాకా బ్రిటిష్ కొలంబియా డైరెక్టరీలను ఆన్‌లైన్లో పెట్టింది. వీధి విభాగం తెరిచి, మీ అడ్రసును ఏడాది తర్వాత ఏడాది దించుకోండి: కింద ఎవరి కొట్టు, పైన ఎవరు, ఏం పని. ఓపిక కావాలి, కానీ పది సంవత్సరాలు వరసగా రాసుకునేసరికి భవనం మాట్లాడటం మొదలుపెడుతుంది. కింద కిరాణా, పక్కన మందుల కొట్టు, యుద్ధం రోజుల్లో రెండు కొట్లు ఖాళీ, తర్వాత చాకలి దుకాణం, ఆ తర్వాత కెఫే.

ఇక్కడ ఒక చోట ఆగాలి. పాత డైరెక్టరీల్లో తెల్లవాళ్లకు పేరు, వృత్తి రెండూ ఉంటాయి. చైనావాళ్లు ఉన్న చోట చాలాసార్లు "చైనీస్" అనో "ఓరియెంటల్స్" అనో ఒక్క మాట. పేరు లేదు. ఓటరు జాబితాలో వెతుకుదామన్నా దొరకరు. మన భారతీయులకు ఈ రాష్ట్రంలో 1907లో ఓటు తీసేశారు, 1947 దాకా తిరిగి రాలేదు. చైనావాళ్లకూ 1947లోనే, జపాన్‌వాళ్లకు 1949లో. కాబట్టి కాగితంలో పేరు లేకపోతే మనిషి లేడని అనుకోకండి. 1911, 1921, 1931 జనగణన పత్రాలు ఇప్పుడు అందరికీ అందుబాటులో ఉన్నాయి, వాటిలో ఇంటింటి పేర్లుంటాయి. స్పెల్లింగులు దారుణంగా ఉంటాయి, అయినా పేర్లుంటాయి. ఎడ్వర్డియన్ వైభవం అని నాలుగు వాక్యాలు రాసినవాళ్లు, ఆ వైభవం ఎవరిని గుమ్మం బయట నిలబెట్టిందో కూడా ఒక వాక్యం రాయాలి. ఈ విషయంలో నేను ఎవరితోనైనా వాదిస్తాను.

తెలిసిన భవనాలతో పోల్చి చూడటం

రాసే ముందు ఊళ్లో నాలుగు భవనాలు నడిచి చూసి రండి. విలువ ఎన్ని రకాలుగా ఉంటుందో అర్థమవుతుంది.

మెయిన్, బ్రాడ్‌వే కూడలిలో లీ బిల్డింగ్ ఉంది. 1912లో కట్టారు, ఏడంతస్తులు. కట్టించిన హెర్బర్ట్ లీ కిరాణా వ్యాపారి. ఒక కిరాణా వ్యాపారి ఊరి నడిబొడ్డుకు దూరంగా ఏడంతస్తులు లేపాడంటే, ఆ కూడలి రెండో నడిబొడ్డు అవుతుందని ఎంత నమ్మకం ఉండి ఉండాలి! బ్రాడ్‌వే వైపు నడిస్తే ఫుట్‌పాత్ భవనం కిందికే దూరుతుంది, స్తంభాల మధ్యలోంచి నడుస్తారు. తర్వాత రోడ్డు వెడల్పు చేసినప్పుడు కింది కొట్లను వెనక్కి జరిపి దారి ఇచ్చారు. మార్పు కూడా చరిత్రలో భాగమే అనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు. అసలు రూపం చెడిందని దాన్ని తక్కువ చేయకూడదు.

పెండర్, కరాల్ వీధుల మూల మీద సామ్ కీ భవనం. చాంగ్ టాయ్ అనే చైనా వ్యాపారికి ముప్ఫై అడుగుల స్థలం ఉండేది. పెండర్ వీధిని వెడల్పు చేయడానికి నగరం అందులో ఇరవై నాలుగడుగులు తీసుకుంది. మిగిలిన ముక్కలో ఆయన 1913లో ఉక్కు ఫ్రేముతో భవనం కట్టాడు, కింద లోతు అయిదడుగులు కూడా లేదు. పైన బే విండోలు వీధి మీదికి జరిపి కాస్త చోటు సంపాదించాడు. కింద ఫుట్‌పాత్ అడుగున సెల్లార్‌లో స్నానపు గదులు నడిపాడు, గాజు బిళ్లల్లోంచి వాటికి వెలుతురు. ఇది చూసినవాళ్లెవరూ వారసత్వమంటే అలంకారమే అనరు.

ఇంగ్లిష్ బే ఒడ్డున సిల్వియా హోటల్ 1912 నాటిది, ఎనిమిదంతస్తులు, మొదట అపార్ట్‌మెంట్లుగానే కట్టారు. కట్టించిన అబ్రహాం గోల్డ్‌స్టీన్ కూతురి పేరు పెట్టాడు. 1936లో అపార్ట్‌మెంట్ హోటల్ అయింది, 1975లో చట్టపరంగా రక్షణ వచ్చింది. వాడకం మారినా విలువ నిలుస్తుందనడానికి ఇది చూపించండి. ఈస్ట్ హేస్టింగ్స్‌లో 1912 నాటి భవనం కింద ఓవల్టీన్ కెఫే 1940ల నుంచి ఉంది, పైన గదులు. దాని నియాన్ బోర్డు ఎడ్వర్డియన్ కాదు. కానీ ఆ నియాన్ తీసేసి "అసలు రూపానికి" తెస్తే ఊరు ఊరుకుంటుందా?

రాయడం

పత్రంలో మూడు భాగాలు: భవనం వర్ణన, వారసత్వ విలువ, ఆ విలువను మోసే అంశాల జాబితా. వర్ణన రెండు మూడు వాక్యాలు చాలు. ఎక్కడుంది, ఎన్నంతస్తులు, దేనితో కట్టారు, ఎక్కడిదాకా హద్దు. కష్టమంతా రెండో భాగంలో.

చేయకూడని రకం ఇలా ఉంటుంది: "ఎడ్వర్డియన్ వాస్తుశైలికి ప్రతీకగా నిలిచిన ఈ అపురూపమైన భవనం ప్రాంతపు గత వైభవాన్ని చాటుతోంది." ఏ భవనానికైనా అతికించుకోవచ్చు. దాన్ని చదివిన సిటీ ప్లానర్‌కి ఏమీ తెలియదు, యజమానికి ఏది కాపాడాలో తెలియదు.

ఒక మూల మీది మూడంతస్తుల భవనం అనుకుందాం, 1911లో కట్టింది. నేనైతే ఇలా రాస్తాను: "ట్రామ్ స్టాప్ ఎదురుగా 1911లో కట్టిన ఈ భవనానికి, అప్పుడే పెరుగుతున్న కార్మికుల పేటలో కొట్లూ అద్దె ఇళ్లూ ఒకే కప్పు కింద తెచ్చినందుకు విలువ ఉంది. కూడలికి ఎదురుగా కోసిన మూల గుమ్మం ట్రామ్ దిగినవాళ్లను కొట్లోకి పిలవడానికి పెట్టింది. పక్క వీధిలోని చిన్న తలుపు పై ఇళ్లది. రేకు కార్నిస్, రేకు బే విండోలు తక్కువ ఖర్చుతో వీధికి హుందాతనం తెచ్చాయి. మొదటి పదేళ్లలో పైన ఉన్నవాళ్లలో ట్రామ్ ఉద్యోగులు, మిల్లు కార్మికులు ఎక్కువ." చూడండి, ప్రతి వాక్యం వెనకా ఒక వస్తువో ఒక కాగితమో ఉంది.

మూడో భాగంలో ఆ వస్తువులనే జాబితా వేయాలి: కోసిన మూల గుమ్మం, రెండు వేరువేరు ప్రవేశాలు, ఫుట్‌పాత్ అంచుదాకా వచ్చిన గోడ, ముఖపు ఇటుక వీధుల వైపు మాత్రమే ఉండటం, కార్నిస్, పైకీకిందికీ జరిగే కర్ర కిటికీలు, మెట్లమీది స్కైలైట్. "పాత కిటికీలు" అని రాయకండి. ఏ అంతస్తులో, ఏ ముఖంలో, ఏ రకం, ఎన్ని అసలువో రాయండి. రేపు ఎవరైనా పర్మిట్‌కి వచ్చినప్పుడు ఈ జాబితానే ముందు పెట్టుకుని మాట్లాడతారు. ఇక్కడ లేనిది పోయే ప్రమాదం ఉంది.

రెండు, మూడు భాగాలను పక్కపక్కన పెట్టి గీతలు గీయండి. విలువలో చెప్పిన ప్రతిదానికీ జాబితాలో ఒక అంశం తగలాలి. జాబితాలో ఉన్న ప్రతిదీ ఏదో ఒక విలువకు తగలాలి. ట్రామ్ గురించి రాసి మూల గుమ్మాన్ని జాబితాలో వదిలేస్తే, మొదట పోయేది ఆ గుమ్మమే.

భవనం పరిస్థితిని విలువతో కలపకండి. కిటికీ అడుగు చెక్క కుళ్లిందంటే అది మరమ్మతు సంగతి, వేరే రిపోర్టులో రాయాలి. "పాడైపోయింది కాబట్టి విలువ లేదు" అనే వాదన తరచూ వస్తుంది, కూల్చాలనుకున్నవాళ్ల దగ్గర్నుంచి మరీ. కుళ్లిన చెక్క మారుస్తారు, అంతే. ఎంత భాగం అసలుది మిగిలిందన్నది మాత్రం నిజాయితీగా చెప్పాలి. కార్నిస్ పోతే పోయిందని రాయండి. పాత ఫోటోలో ఉంటే ఆ ఫోటో జతచేయండి, మళ్లీ పెట్టుకోవడానికి అదే ఆధారం.

భయపడేవాళ్ల కోసం

ఫోన్ చేసే ప్రతివాళ్ల టెన్షనూ ఒకటే: హెరిటేజ్ అంటే ఇక మేకు కూడా కొట్టనివ్వరా? రిజిస్టర్ వేరు, రక్షణ వేరు. నగరం 1986 నుంచి జాబితా పెడుతోంది. ఆ జాబితాలో ఉన్నంత మాత్రాన కూల్చకూడదనే చట్టం లేదు. నగర మండలి బైలా చేసి డిజిగ్నేట్ చేస్తేనే చట్టపరమైన రక్షణ. దానివల్ల ఆస్తి మార్కెట్ విలువ తగ్గితే నగరం పరిహారం ఇవ్వాలి. అందుకే బలవంతంగా కాకుండా యజమానితో మాట్లాడుకుని, అదనపు కట్టడానికి అనుమతి లాంటివి ఇచ్చి, ఒప్పందం రాసుకోవడం మామూలు. హెరిటేజ్ రివైటలైజేషన్ అగ్రిమెంట్ అనే ఈ దారి 1994 చట్ట సవరణలతో వచ్చింది. ఆ బేరంలో మీ విలువ పత్రమే ముందు నిలబడుతుంది. ఏది వదులుకోవచ్చో, ఏది వదులుకోకూడదో అందులో స్పష్టంగా ఉంటే మాట త్వరగా తెగుతుంది.

భూకంపం మాట దాచకండి. ఉక్కు లేని ఇటుక గోడ ఈ తీరంలో ప్రమాదమే, ముఖ్యంగా వీధి మీదికి పిట్టగోడ, కార్నిస్. వాటిని కడ్డీలతో లోపలి కప్పుకూ అంతస్తుల దూలాలకూ బిగించే పద్ధతులున్నాయి. హెరిటేజ్ పేరుతో ఆ పని వాయిదా వేయమని ఏ సంరక్షకుడూ చెప్పడు. బిగించే ప్లేట్లు బయటి నుంచి కనిపిస్తే కనిపించనివ్వండి.

పత్రం పంపే ముందు పైన ఉంటున్నవాళ్లలో ఇద్దరికైనా చదివి వినిపించండి, కింద కెఫే నడిపే ఆవిడకు కూడా. వాళ్లు "మా వెనక మెట్లు చెప్పలేదేం?" అని అడుగుతారు. వెనక సందులో కర్ర మెట్లు, బట్టలారేసే బాల్కనీలు, పక్క ఇంటివాళ్లతో మాటలు, ఇవి పర్మిట్ కాగితంలో దొరకవు. ఆ మెట్లు నిజంగా పాతవే అయితే జాబితాలో చేర్చండి, కొత్తవైతే సామాజిక విలువ పేరాలో ఒక వాక్యం ఇవ్వండి. చివర తేదీ, రాసినవారి పేరు, చూసిన కాగితాల పేర్లు, లోపలికి వెళ్లలేకపోయిన గదులు ఏవో కూడా రాయండి. ఒక కాపీ సిటీకి, ఒకటి యజమానికి, ఒకటి ఆర్కైవ్స్‌కి.